నేను వెళ్ళని బందరు ప్రయాణాలు

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. లేనిది కనిపిస్తోందని ఎవరైనా అంటే, ముందు కంటి పరీక్ష చేయించుకోమని చెప్పే రకాన్ని. దయ్యాలు, గాలి సోకడాలు మా అత్తగారు నమ్ముతారు. మా వీధిలో సగం మంది నమ్ముతారు. నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని చెప్పడానికి కూడా ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పి ఊరుకుంటాను.

ఇంకొకటి కూడా ముందే ఒప్పుకోవాలి. ఇందులో భయం కంటే నా అసూయే ఎక్కువ ఉంటుంది. అది దాచి చెబితే మిగతాది కూడా అబద్ధంలా వినిపిస్తుంది.

నా పేరు షమీమ్. నలభై రెండేళ్ళు. మా అబ్బా విజయవాడ వన్ టౌన్‌లో ఒక మేడ మెట్ల కింద చిన్న బల్ల వేసుకుని కళ్ళజోళ్ళు బాగుచేసేవారు. బడి వదలగానే వెళ్ళి ఆ బల్ల పక్కన కూర్చునేదాన్ని. విరిగిన కాడ అతకడం, వంగిన ఫ్రేము సరిచెయ్యడం ఆయన చేతులు చూసే నేర్చుకున్నాను. ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పెద్ద షాపులో ఫిట్టింగ్ పని నాది. మా ఆయన ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు మీద పనిచేస్తారు. ఇల్లు కూడా అక్కడే. రోజూ సిటీ బస్సులో వచ్చి పోతుంటాను.

రజని మా షాపులో బిల్లింగ్ కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. నాకంటే ఏడాది చిన్న. పెళ్ళయిన మూడేళ్ళకే విడిపోయింది. పిల్లల్లేరు. పటమటలో చిన్న పోర్షన్ అద్దెకు తీసుకుని ఒక్కతే ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా మధ్యాహ్నం పూట ఇద్దరం వెనక గదిలో క్యారేజీలు విప్పుకుని కలిసి తింటున్నాం. నా తోడబుట్టిన వాళ్ళకి చెప్పనివి కూడా తనకి చెప్పాను.

రజనికి తిరగడం పిచ్చి. దాని కోసం డబ్బున్నవాళ్ళలా విమానాలెక్కదు. శనివారం మధ్యాహ్నం ఒక గుడ్డసంచిలో జత బట్టలు, ఒక డబ్బాలో పులిహోర పెట్టుకుని పల్లెవెలుగు బస్సెక్కేస్తుంది. ఎక్కడైనా ఇంట్లో గది అద్దెకిచ్చేవాళ్ళుంటే అక్కడ దిగుతుంది. ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చేస్తుంది. పెద్ద ఊళ్ళు తనకి పట్టవు. ఒకప్పుడు పెద్దవై, ఇప్పుడు చిన్నవైపోయిన ఊళ్ళంటే ఇష్టం. డచ్చివాళ్ళ సమాధులున్న బందరు, ఫ్రెంచివాళ్ళు ఏలిన యానాం, ఇంకో రోజు సెలవు కలిసొస్తే, ఓడలొచ్చిన గుర్తు కూడా లేని భీమిలి. వాటి పక్కనే జనం పెద్దగా రాని సముద్రాలు. మంగినపూడి, హంసలదీవి, ఇంకా నేను పేర్లు మర్చిపోయిన చోట్లు.

మొదటి మూడేళ్ళు ప్రతిసారీ నన్ను పిలిచింది. "రావే షమీ, ఒక్క రాత్రే కదా" అనేది. అమ్మాయికి పరీక్షలనో, మా ఆయనకి నైట్ షిఫ్టనో, అత్తగారికి ఒంట్లో బాగాలేదనో ఏదో ఒకటి చెప్పేదాన్ని. అవి అబద్ధాలు కావు. కానీ నిజంగా వెళ్ళాలనుకుంటే అడ్డమొచ్చేవి కూడా కావు. తర్వాత్తర్వాత తను పిలవడం మానేసింది.

పిలవడం మానేసిన తర్వాత నాకు బాధ మొదలైంది.

సోమవారం పొద్దున ఎండకి నల్లబడిన ముఖంతో, సంచి అడుగున ఇసకతో వచ్చేది. బందరు హల్వా తెచ్చి నా క్యారేజీ మూతలో పెట్టేది. తింటూ చెప్పేది. "మేం దిగేసరికి వాన మొదలైంది." "మేం సమాధుల దగ్గర కూర్చుంటే ఒక మేకపిల్ల వచ్చి చున్నీ నమిలేసింది." "మేం అంత నవ్వాం, అంత నవ్వాం."

ఒకసారి, రెండుసార్లు విన్నాను. మూడోసారికి ఆ "మేం" దగ్గర నా చెవి ఆగిపోయింది. మనం అంటే నేను కూడా ఉన్నట్టు. మేం అంటే నేను లేనట్టు. మరి ఆ మేంలో ఉన్న రెండో మనిషి ఎవరు?

"ఎవరితో వెళ్ళావే?" అని అడిగాను.

"ఎవరితో ఏముంది, మామూలే" అని నీళ్ళు తాగి లేచిపోయింది.

తన ఫోనులో ఫోటోలు చూపించినప్పుడు నేను సముద్రాన్ని చూసేదాన్ని కాదు. అంచుల్లో ఎవరి చెయ్యో, ఎవరి నీడో కనిపిస్తుందేమోనని వెతికేదాన్ని. ఎప్పుడూ ఏమీ కనిపించలేదు. ఫోటోలు తీసేది ఆ రెండో ఆవిడేనేమో అనుకుంటే, వాటిలో రజని కూడా ఉండేది కాదు. రాళ్ళు, పడవలు, సరుగుడు తోట, అంతే.

ఆవిణ్ణి నేనే తయారుచేసుకున్నాను. నాకంటే చిన్నది. సన్నగా ఉంటుంది. ఏదో బ్యాంకులో ఉద్యోగం. ఇంటికెళ్ళి ఎవరికీ వండక్కర్లేదు. రజని చెప్పే ప్రతి మాటకీ తల వెనక్కి వాల్చి నవ్వుతుంది. బస్సులో కళ్ళు మూసుకుంటే ఆవిడే కనిపించేది. మా ఆయన ఇంకెవరితోనో తిరుగుతున్నారన్నా నాకు అంత మంట పుట్టేది కాదేమో.

ఈ ఏడాది రంజాన్ పండగ అయిన వారం మా షాపుకి పెడన నుంచి ఒకాయన వచ్చారు. కలంకారీ బట్టల వ్యాపారం చేస్తారు, మాకు పాత కస్టమర్. కొత్త అద్దాలు బిగిస్తుంటే మాటల్లో అన్నారు.

"మీ కౌంటర్ మేడమ్ గారిని ఆ మధ్య మంగినపూడిలో చూశానండీ. ఇంకో ఆవిడతో నీళ్ళలోకి దిగుతున్నారు. ఇద్దరూ చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా ఉన్నారు."

"ఎలా ఉన్నారండీ ఆవిడ?"

"వెనకనుంచి చూశానండీ. ఆకుపచ్చ చున్నీ. అయినా అప్పటికి నా జోడు పాతది కదా, మొహమైనా ఆనేది కాదు" అని నవ్వేశారు.

నాకు నవ్వు రాలేదు. ఆ రోజు మధ్యాహ్నం తలనొప్పని చెప్పి విడిగా కూర్చుని తిన్నాను. ఆ వారమంతా అంతే. రజని కారణమడిగితే "ఏం లేదు" అన్నాను. నాకంటే నీకు కావలసినవాళ్ళున్నారుగా అని గొంతుదాకా వచ్చింది.

ఆ తర్వాత నేను చేసిన పని ఇప్పటికీ రాయడానికి సిగ్గుగా ఉంది.

రజని మిగతా రోజుల్లో అందరికంటే ముందొచ్చి షాపు తెరుస్తుంది. అందుకని శనివారం రెండింటికి వెళ్ళిపోవడానికి ఓనరు గారు ఒప్పుకున్నారు. నేను ఆయన దగ్గరికెళ్ళి, శనివారం సాయంత్రం రద్దీలో కౌంటర్ దగ్గర మనిషి లేక మేం నలిగిపోతున్నాం సార్ అని చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు. కానీ నేను చెప్పింది అందుకు కాదు. ఆ వారం నుంచి రజని శనివారాలు ఆగిపోయాయి. తను కారణం కూడా అడగలేదు. హల్వా రావడం ఆగింది. మేం అనే మాట కూడా వినపడలేదు. నా కడుపు చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు.

రెండు నెలలు గడిచాయి. ఓనరు గారింట్లో పెళ్ళి వచ్చి షాపు రెండు రోజులు మూశారు. ముందు రోజు సాయంత్రం షట్టర్ దించుతుంటే రజని నా వైపు చూడకుండానే అంది.

"రేపు పొద్దున బందరు పోతున్నా. వస్తావా? ఇంక మళ్ళీ అడగను."

వస్తానన్నాను. తన మీద ప్రేమతో కాదు. ఆ రెండో ఆవిడ ఎవరో కళ్ళారా చూడాలని. ఇంటికెళ్ళి మా ఆయనకి చెబితే, "వెళ్ళిరా. ఇన్నాళ్ళూ వెళ్ళక ఏం బావుకున్నావు?" అన్నారు. అంత తేలికైన పని ఇన్నేళ్ళు నేను చెయ్యలేదని తెలిసొచ్చి, నా మీదే కాక ఆయన మీద కూడా కోపమొచ్చింది.

మర్నాడు ఉదయం బందరు బస్సెక్కాం. రజని పక్క సీట్లో కూర్చుని కిటికీ సీటు నాకు వదిలింది. కంకిపాడు దాటాక కాలవ మా పక్కనే నడిచింది. ఉయ్యూరులో చెరుకు ఫ్యాక్టరీ వాసన బస్సులోకి వచ్చింది. పామర్రులో కూచిపూడి వైపు వెళ్ళేవాళ్ళు దిగారు, కాళ్ళగజ్జెల సంచీ పట్టుకున్న ఇద్దరు ఆడపిల్లలు. ఎక్కడ ఎక్కుతుంది ఆవిడ? బందరులో దిగాక కలుస్తుందా? దారంతా ఇదే ఆలోచన. బస్సాగిన ప్రతిచోటా ఎక్కేవాళ్ళని చూస్తూ కూర్చున్నాను.

పదింటికి దిగాం. ఎవరూ ఎదురురాలేదు. ఆటోలో కోట వైపు వెళ్ళే దారిలో ఒక పాత మేడ ముందు దిగాం. ఇల్లు మంగతాయారు గారని డెబ్భై ఏళ్ళావిడది. పైన డాబా మీద కొడుకూ కోడలూ ఉంటారు. కింద మూడు గదులు అద్దెకిస్తారు, చెబితే భోజనం కూడా పెడతారు.

ఆవిడ వాకిట్లో బియ్యం ఏరుతున్నారు. మమ్మల్ని చూసి చేట పక్కనపెట్టి లేచారు.

"వచ్చారా తల్లీ! రెణ్ణెల్లయింది కదే ఇద్దరూ మొహం చూపించి. ఆ చివరి గదే తుడిపించా."

ఇద్దరూ. నన్ను చూసి ఆ రెండో మనిషే అనుకున్నారన్న మాట. అంత పోలికలున్న మనిషా?

"నేనిదే మొదటిసారండీ రావడం" అన్నాను, కొంచెం గట్టిగానే.

మంగతాయారు గారు నన్ను చూశారు, రజనిని చూశారు, మళ్ళీ నన్ను చూసి నవ్వారు. "బాగుందమ్మాయ్ నీ వేళాకోళం. మరి దీన్నెవరు బాగుచేశారు, మీ ఆయనా?" అంటూ కళ్ళజోడు తీసి నా చేతిలో పెట్టారు. "నువ్వు చేసిన దగ్గర్నుంచీ మళ్ళీ ఊడలేదు. మా అబ్బాయి కొత్తది కొంటానన్నా వద్దన్నాను."

నేను దాన్ని చూశాను. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి.

కాడని ఫ్రేముకి కలిపే కీలులో సన్న స్క్రూ ఉంటుంది. అది పడిపోతే ఎవరైనా కొత్త స్క్రూ వేస్తారు. మా అబ్బా దగ్గర అన్ని సైజుల స్క్రూలు ఉండేవి కావు. పాత మోటారు చుట్టలోంచి తీసిన సన్నటి రాగితీగ ఆ కన్నంలో దూర్చి, రెండు చుట్లు ఎడమకి తిప్పి, కొసని లోపలివైపుకి మడిచేవారు. ఆ కొస కణతకి గుచ్చుకోకుండా దాని మీద ఒక్క చుక్క నెయిల్ పాలిష్ వేసేవారు. అందరూ కుడికి తిప్పుతారు. అబ్బాది ఎడమ చేతివాటం కాబట్టి ఎడమకి. ఆయన్ని చూసి నేర్చుకున్నాను కాబట్టి నాది కుడి చెయ్యే అయినా నేనూ ఎడమకే తిప్పుతాను. ఆయన ఇంకెవరికీ నేర్పలేదు. ఆయన పోయి పదకొండేళ్ళు.

నా చేతిలో ఉన్న జోడుకి రాగితీగ ఉంది. ఎడమకి రెండు చుట్లు. కొస లోపలికి. మీద ఇటుకరంగు నెయిల్ పాలిష్ చుక్క.

ఇటుకరంగు సీసా మా అమ్మాయిది. ఆ రంగు నచ్చలేదని పారేస్తుంటే, పనికొస్తుందని నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. బ్యాగు తెరిచి సీసా తీసి పక్కన పెట్టి చూశాను. అదే రంగు.

ఇంకొకటి. మంగతాయారు గారి ఎడమ చెవి కుడిదానికంటే కాస్త పైకి ఉంది. అలాంటివాళ్ళకి మామూలుగా బిగిస్తే జోడు వంకరగా కూర్చుంటుంది. దీని ఎడమ కాడ చివర, సరిగ్గా చెవి దగ్గర, అర బియ్యపుగింజంత ఎత్తు వంచి ఉంది. నేనైనా అంతే వంచేదాన్ని. ఎవరి దస్తూరీ వాళ్ళు గుర్తుపడతారు కదా. అది నా దస్తూరీ.

"ఆ రంగు ఆరేదాకా కదలొద్దని పది నిమిషాలు నన్ను కూర్చోబెట్టావుగా" అన్నారావిడ. "వాసనకి తుమ్ములొచ్చి చచ్చా."

నేను రజని వైపు తిరిగాను. తన ముఖంలో నెత్తురు లేదు.

గదిలో సంచులు పడేసి ఇద్దరం బయటికొచ్చాం. నడుస్తూ నడుస్తూ డచ్చివాళ్ళ సమాధుల దాకా వెళ్ళాం. పెద్ద పెద్ద నల్లరాళ్ళు, వాటి మీద చెక్కిన అక్షరాలు, కిరీటాలు. ఒక రాతి అంచున కూర్చున్నాం. పట్టపగలు. ఎండ. రోడ్డు మీద బళ్ళు పోతూనే ఉన్నాయి.

"ఇక్కడికి ఎవరితో వచ్చేదానివి? ఇప్పుడైనా చెప్పు" అన్నాను.

"ఒక్కదాన్నే" అంది. "నా మీద ఒట్టు షమీ. ప్రతిసారీ ఒక్కదాన్నే వచ్చాను."

"మరి మేం, మేం అనేదానివి?"

రజని ఆ రాతి మీద అక్షరాల వెంట వేలు పోనిచ్చింది. తర్వాత చెప్పింది. మొదట్లో ఒక్కతే వెళ్ళాలంటే ఏడుపొచ్చేదట. అందుకని నేను పక్కనున్నట్టు అనుకోవడం మొదలుపెట్టిందట. బస్సులో కిటికీ సీటు నాకని వదిలేదట. సముద్రం కనబడగానే "చూడవే షమీ" అని మనసులో అనుకునేదట. కొన్నాళ్ళకి మనసులో కాకుండా పైకే మాట్లాడేదట. నేనేం జవాబు చెబుతానో తనకి తెలుసు కాబట్టి, ఆ జవాబుకి నవ్వేదట.

"నాకది మనం" అంది. "నీ ముందు మనం అంటే పిచ్చిదనుకుంటావని మేం అన్నాను."

ఇన్నాళ్ళూ నేను ఎవరి మీద పళ్ళు నూరానో ఆ మనిషిని నేనే.

మంగతాయారు గారి జోడు సంగతి అడిగాను. ఒక శనివారం సాయంత్రం ఆవిడ ప్లాస్టరు ముక్కతో కాడ అంటించుకుని తిరగడం చూసిందట. ఆదివారం పొద్దున బాగానే ఉందట. కొడుకు బాగుచేయించాడనుకుందట. తన గదిలో ఎప్పుడూ రెండు తువ్వాళ్ళు, రెండు దిండ్లు పెట్టేవారట. రెండు మంచాల గది కదా, అలవాటేమోననుకుందట. ఒకసారి ఆవిడ "మీ స్నేహితురాలు అప్పుడే లేచి సముద్రానికి పోయిందే" అంటే, పక్కగది వాళ్ళతో పొరబడ్డారనుకుని ఊఁ అందట.

"నీకెప్పుడైనా ఎవరైనా కనిపించారా?" అని అడిగాను.

"లేదు. కానీ ఒక్కదాన్నే ఉన్నట్టు కూడా ఎప్పుడూ అనిపించలేదు" అంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మంగతాయారు గారిని నెమ్మదిగా కదిపాను. జోడు బాగుచేసింది ఎప్పుడో గుర్తుందా అంటే, మనవరాలికి చెవులు కుట్టించిన మర్నాడని చెప్పారు. క్యాలెండరులో రాసుకున్నారు కూడా, తెచ్చి చూపించారు. ఆదివారం. అది రంజాన్ నెల. ఆ రోజు నేను ఇబ్రహీంపట్నంలో మా ఇంట్లో ఉపవాసం ఉన్నాను. మా ఆడపడుచులు, వాళ్ళ పిల్లలు ఇఫ్తారుకి వస్తున్నారని పొద్దుటినుంచీ వంటింట్లోంచి బయటికి రాలేదు. పదిహేను మంది సాక్ష్యం చెబుతారు.

"ఆ రోజు ఇక్కడే తిన్నానాండీ?"

"తినకేం! మావిడికాయ వేసిన చేపల పులుసు, రెండుసార్లు అడిగి వేయించుకున్నావు. తడిబట్టలతో వచ్చి మెట్ల మీద కూర్చుని జుట్టు పిండుకుంటూ ఒకటే నవ్వు. గదినిండా ఇసకేనని మా పనామె నిన్ను తిట్టుకుంది కూడా."

చెబితే సిగ్గుచేటు. ఆ మాటలు వింటుంటే నాకు భయం వెయ్యలేదు. ఒళ్ళు మండింది. నేను గొంతెండిపోతూ పొయ్యి దగ్గర రెండిళ్ళ వాళ్ళకి వండుతున్న పూట, నా ముఖం పెట్టుకుని, నా అబ్బా నేర్పిన పని చేత్తో పట్టుకుని, నా స్నేహితురాలి పక్కన కూర్చుని ఇంకెవరో పులుసు తిన్నారు. నేను పుట్టి నలభై రెండేళ్ళలో ఏనాడూ మోకాళ్ళలోతు సముద్రంలో దిగి ఎరగను.

కోడల్ని కూడా అడిగాను. తను మమ్మల్ని ఎదురుగా ఎప్పుడూ చూడలేదట. "కింద గదిలోంచి ఇద్దరి నవ్వులు వినబడేవండీ" అంది. ఇద్దరివేనని ఎలా తెలుసంటే, ఆలోచించి, "ఏమోనండీ, ఇద్దరివే" అంది.

సాయంత్రం ఆటోలో మంగినపూడి వెళ్ళాం. దారికి రెండువైపులా రొయ్యల చెరువులు, ఉప్పు మడులు. ఒడ్డున జనం పలచగా ఉన్నారు. అక్కడి ఇసక నల్లటి బురదలా కాలికి అంటుకుంటుంది. నేను చెప్పులు విడిచి నిలబడ్డాను గానీ అడుగు పడలేదు.

అప్పుడే చెప్పాను. శనివారాలు ఆగిపోవడానికి కారణం నేనేనని. ఓనరు గారితో ఏమన్నానో మాట పొల్లుపోకుండా చెప్పాను. అలల చప్పుడులో వినపడిందో లేదో అని మళ్ళీ చెప్పబోయాను.

"తెలుసే" అంది రజని. "ఆయన ఆ రోజే చెప్పారు, షమీమ్ గారు కంప్లయింటు చేశారని."

"తెలిసీ నన్ను తీసుకొచ్చావా?"

"నువ్వు కుళ్ళుకునేంతగా నా మీద ప్రేమ పెట్టుకున్నావని సంతోషించాను. ఒక వారం తిట్టుకున్నా కూడా, అది వేరే సంగతి." నా చెయ్యి పట్టుకుని నీళ్ళ వైపు లాగింది. "రా. మునిగిపోవులే, ఇక్కడ అర మైలు పోయినా మొలలోతే."

దిగాను. మోకాళ్ళ దాకా వచ్చేసరికి గట్టిగా అరిచాను. రజని నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను.

ఆ రాత్రి ఏమీ జరగలేదు. ఇద్దరం బాగా అలిసిపోయాం. పడుకున్నామంతే, తెల్లారింది. మంచం కిందా, తలుపు వెనకా పగలే చూసుకున్నాను కాబట్టి మళ్ళీ చూసుకోలేదు.

పొద్దున బయల్దేరుతుంటే మంగతాయారు గారు గేటు దాకా వచ్చారు. నా గడ్డం పట్టుకుని, "ఈసారేమిటే తల్లీ, అంత ముభావంగా ఉన్నావు? ఇదివరకు ఎంత గలగలలాడేదానివి" అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆ మాట మాత్రం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

వచ్చాక నాకు తోచిన దారులన్నీ వెతికాను. రజనే ఆ జోడు బాగుచేసిందేమోనని, ఒక పాత ఫ్రేము, రాగితీగ ఇచ్చి చెయ్యమన్నాను. గంటసేపు తంటాలు పడింది. తీగ కన్నంలోకి దూర్చడమే రాలేదు. మంగతాయారు గారు మా షాపుకి వచ్చి ఉంటారా అంటే, ఆవిడ బందరు దాటి ఏడేళ్ళయిందని కొడుకు చెప్పాడు. మా పుస్తకాల్లో కూడా ఆవిడ పేరు లేదు. అబ్బా ఎవరికైనా ఆ పని నేర్పారేమోనని అమ్మీని అడిగాను. "నువ్వు కాక ఇంకెవరు కూర్చున్నారు ఆయన దగ్గర?" అంది. రజని నా గురించి చెప్పిన కబుర్లు విని ఆవిడ నన్ను ఊహించుకున్నారని కూడా అనుకోవచ్చు. ఆకుపచ్చ చున్నీ నాకూ ఉంది, ఊళ్ళో సగం మందికి ఉంది. అన్నింటికీ ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. ఆ రాగితీగకే ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఓనరు గారి దగ్గరికి వెళ్ళి శనివారం సాయంత్రాలు కౌంటర్ కూడా నేను చూసుకుంటానని చెప్పి, రజనిని మళ్ళీ రెండింటికే పంపేలా ఒప్పించాను. నెలకొకసారి మాత్రం ఇద్దరికీ సెలవిస్తున్నారు. అలా రజనితో కలిసి హంసలదీవి వెళ్ళాను. యానాం వెళ్ళాను, గోదావరి గట్టు మీద కూర్చుని చెరో కోవా ముక్క తిన్నాం. రజని అంతకుముందు చాలాసార్లు వెళ్ళిన చోట్లే అవి. అక్కడెవరూ నన్ను గుర్తుపట్టలేదు. అందరి ముఖాలూ పరీక్షగా చూశాను. నేను కొత్తమనిషినే.

మా ప్రయాణాలు బాగానే ఉంటాయి. నాకు బస్సులో కడుపులో తిప్పుతుంది. ఎండ పడదు. అమ్మాయి ఇంటికి చేరిందో లేదోనని గంటకోసారి ఫోను చేస్తాను. రజని విసుక్కోదు, నిమ్మకాయ చేతికిస్తుంది. కానీ ఒక్కోసారి సముద్రం ఎదురుగా కూర్చున్నప్పుడు నేనేదో చెబుతుంటే తను ఊఁ కొడుతూ ఎటో చూస్తుంది. ఎవరికోసమో కాస్త జరిగి చోటిచ్చినట్టు కూర్చుంటుంది.

యానాం నుంచి తిరిగొస్తూ ఉండబట్టలేక అడిగేశాను. "నిజం చెప్పవే. నేను రాకముందే బాగుండేదా?"

రజని వెంటనే లేదనలేదు. నా వైపు తిరిగి, చాలా ఇష్టంగా, కొంచెం జాలిగా చూసి, "తనకి కుళ్ళు ఉండేది కాదే" అంది.